గోపాద్రి దుర్గం: రాజులను బంధించిన రాజమందిరం

దుర్గము అనే పదానికి ప్రవేశించుటకు కష్టమైనది అని అర్థం. శత్రువు లోనికి రాకూడదనే సంకల్పంతో రాజులు కొండలను వెదికారు, శిలలను తొలిపించారు, ప్రాకారాలను ఎత్తించారు. అయితే ప్రవేశించుటకు కష్టమైనది నిష్క్రమించుటకు కూడా కష్టమే అవుతుంది. రక్షణ కొరకు లేపిన గోడ ఏదో ఒకనాడు బంధమవుతుంది. ఈ సత్యాన్ని భారతదేశంలోని ఏ కోట అయినా ఎంతో కొంత చెప్పగలదు గాని, గ్వాలియర్ దుర్గం చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు. ప్రాచీన శాసనాలలో గోపాద్రి, గోపగిరి అని కీర్తించబడిన ఆ కొండపైన దేవాలయాలు వెలిశాయి, రాజమందిరాలు వెలిశాయి. చివరకు ఆ రాజమందిరాలే రాజపుత్రులకు చెరసాలలయ్యాయి.

కోటపాలకుడు కట్టించిన కోవెల

చుట్టూ ఉన్న మైదానం నుండి సుమారు 100 మీటర్ల ఎత్తున, రెండు కిలోమీటర్లకు పైగా పొడవున, నిటారైన అంచులతో నిలిచి ఉన్న ఇసుకరాతి కొండ గోపాద్రి. కొండపైకి వెళ్ళే మార్గంలో ఒకే శిలను తొలిచి నిర్మించిన చిన్న విష్ణ్వాలయం ఉన్నది. దానికి చతుర్భుజ మందిరమని పేరు. తొమ్మిదవ శతాబ్దంలో, ఆదివరాహ బిరుదాంకితుడైన ప్రతీహార చక్రవర్తి భోజుని కాలంలో, ఈ కోటకు రక్షకుడిగా నియమితుడైన అల్లుడు అనే అధికారి దానిని నిర్మింపజేశాడు. కోటను కాపాడవలసినవాడు తననూ, కోటనూ కాపాడేవాడు వేరొకడున్నాడని గుర్తించి కట్టించిన గుడి అది.

ఆ గుడిలోని శాసనం విక్రమ శకం 933, అనగా క్రీస్తు శకం 876 నాటిది. దేవునికి నిత్యం పూలు సమకూర్చుటకు 187 హస్తాల వెడల్పు, 270 హస్తాల పొడవు గల భూమిని పూదోటగా ఇచ్చినట్లు, తోటమాలులు ప్రతిదినం 50 పూలమాలలు సమర్పించవలెనని నియమించినట్లు అందులో ఉన్నది. ఆ 270లోను, 50లోను చిన్న వలయాకారంలో చెక్కబడిన సున్నాలు భారతదేశంలో తేదీ నిర్ధారితమైన అతిప్రాచీన సున్నాలలో చేరినవని గణితచరిత్రకారులు గౌరవిస్తారు. కత్తులతో ప్రసిద్ధి కెక్కిన ఈ కోట ప్రపంచ విజ్ఞానానికి మిగిల్చిన చిహ్నం ఒక పూలతోట కొలతలో దాగి ఉన్నది.

అగ్నికుండం, ఛిన్నశిలలు

ఆ పూదోట ప్రశాంతి శాశ్వతం కాలేదు. 1232లో ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ నెలల తరబడి ముట్టడించి ఈ దుర్గాన్ని వశపరచుకున్నాడు. ఇక ఓటమి తప్పదని తెలిసిన వేళ అంతఃపుర స్త్రీలు అగ్నిప్రవేశం చేశారని పరంపర చెబుతుంది. కొండపైన జౌహర్ కుండమనే పేరుతో నేటికీ ఒక తటాకాన్ని చూపుతారు. జలాశయానికి అగ్ని పేరు స్థిరపడిపోయినదంటే ఆ దుఃఖం ఎంతటిదో ఊహించవచ్చు.

పదిహేనవ శతాబ్దంలో తోమర రాజులు డుంగరసింహుడు, కీర్తిసింహుడు ఏలుతున్న కాలంలో కొండ పార్శ్వాలపై జైన తీర్థంకరుల విగ్రహాలు మహోన్నతంగా తొలచబడ్డాయి. వైదిక ధర్మానుయాయులైన ప్రభువుల నీడలో అహింసామూర్తులు కొండలో నుండి అవతరించడం ఆ కాలపు ఔదార్యానికి నిదర్శనం. తరువాత 1528లో బాబరు ఈ కోటను సందర్శించినపుడు ఉర్వాహి లోయలోని ఆ మూర్తులను ధ్వంసం చేయవలసినదిగా ఆజ్ఞాపించాడు. ఆ సంగతిని తన ఆత్మకథలో తానే వ్రాసుకున్నాడు. అనేక విగ్రహాల ముఖాలు ఛిన్నమయ్యాయి. అయినా కాయోత్సర్గ భంగిమ చెదరలేదు. ముఖం పోయిన తరువాత కూడా నిశ్చలంగా నిలబడి ఉన్న ఆ మూర్తులు దేహాభిమాన త్యాగాన్ని ఎన్నడూ లేనంత బలంగా బోధిస్తున్నాయి.

మానసింహుని మందిరం

తోమర వంశంలో అగ్రగణ్యుడు మానసింహుడు. 1486 నుండి 1516 వరకు పాలించిన ఈ ప్రభువు సంగీతప్రియుడు. ధ్రుపద గానం అతని ఆశ్రయంలో వికసించినది. అతడు నిర్మించిన మానమందిరం నీలి, పసుపు, ఆకుపచ్చ వన్నెల పలకలతో, వాటిపై తీర్చిన హంసలు, ఏనుగులు, అరటిచెట్లతో శోభిల్లుతుంది. ఆ మందిరంలో నేలపైన రెండు అంతస్తులు, నేల క్రింద మరి రెండు అంతస్తులు ఉన్నాయి. క్రింది గదులు గ్రీష్మతాపం సోకకుండా విశ్రమించుటకు కట్టించినవి.

మానసింహుని అనంతరం కొన్ని సంవత్సరాలకే కోట లోడీల వశమైనది. అతని కుమారుడు విక్రమాదిత్యుడు 1526లో పానిపట్టు రణరంగంలో ఇబ్రహీం లోడీ పక్షాన పోరాడి మరణించాడు. కాలక్రమేణా కోట మొగలుల చేతికి వచ్చినది. చల్లదనం కొరకు కట్టిన ఆ భూగృహాలను వారు చూసిన దృష్టి వేరు. ఎత్తైన కొండ, ఇరుకైన మార్గం, వెలుతురు చొరని గదులు. సింహాసనానికి పోటీ పడగల రక్తబంధువులను ఉంచుటకు అంతకంటె అనువైన స్థలం లేదని తోచినది. సుఖం కొరకు కట్టిన గది దుఃఖానికి నిలయమగుటకు ఒక్క ఇటుకనైనా మార్చవలసిన అవసరం కలుగలేదు. భోగస్థానానికి, బంధస్థానానికి నడుమ ఉన్న గోడ ఎంత పలుచనిదో వేదాంతులు చెప్పే మాటకు ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

ఉపనిషత్తులను తెరిచిన తండ్రి

ఈ చీకటి చరిత్రలో ముముక్షువుల హృదయాన్ని అన్నిటికంటె లోతుగా తాకే ఘట్టం షాజహాను జ్యేష్ఠ పుత్రుడైన దారా షుకోహ్ వంశానికి సంబంధించినది. దారా సూఫీ మార్గానుయాయి, జిజ్ఞాసువు. కాశీ నుండి పండితులను, సన్యాసులను రప్పించి, వారి సాహాయ్యంతో 50 ఉపనిషత్తులను పారసీక భాషలోకి అనువదించి 1657లో పూర్తి చేశాడు. ఆ గ్రంథానికి సిర్ర్-ఇ-అక్బర్, అనగా మహారహస్యం అని పేరు. నూట నలభై సంవత్సరాల తరువాత ఆ పారసీక గ్రంథాన్నే ఆంకెతిల్ దుపెరాన్ అనే ఫ్రెంచి పండితుడు లాటిన్‌లోకి అనువదించి 1801, 1802 సంవత్సరాలలో ప్రకటించాడు. జర్మను తత్త్వవేత్త షోపెన్‌హోవర్‌కు ఉపనిషత్తులు లభించినది ఆ మార్గంలోనే. ఐరోపాలో వేదాంత ద్వారం తెరుచుకొనుటకు తొలి తాళపుచెవి ఒక మొగలు రాజకుమారుని చేతిలో రూపొందినది.

అనువాదం పూర్తయిన సంవత్సరంలోనే షాజహాను రోగగ్రస్తుడయ్యాడు. సోదరుల నడుమ సింహాసన యుద్ధం చెలరేగినది. దారా ఓడిపోయి, పట్టుబడి, మతభ్రష్టుడనే నేరారోపణతో 1659 ఆగస్టులో ఢిల్లీలో వధింపబడ్డాడు. అతని పెద్ద కుమారుడు సులేమాన్ షుకోహ్ అంతకు ముందే హిమాలయాలలోని గఢ్వాల్ రాజ్యానికి పోయి అక్కడి రాజు పృథ్వీపతి షాను శరణు వేడాడు. వృద్ధుడైన ఆ రాజు ఔరంగజేబు ఒత్తిడులకు లొంగక శరణాగత ధర్మాన్ని పాటించాడు. కాని అతని కుమారుడు మేదినీ షా 1660 డిసెంబరులో ఆ అతిథిని శత్రువులకు అప్పగించాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. ఉపనిషత్తులను శిరసున ధరించినవాడు మహమ్మదీయుడు. శరణాగతుని అమ్ముకున్న యువరాజు హిందువు. అతని తండ్రి కూడా హిందువే, కాని అతడు మాట తప్పలేదు. గ్వాలియర్ చరిత్రను ఒక మతం మరొక మతానికి చేసిన అపకారంగా మాత్రమే చదివేవారికి ఈ మూడు ముఖాలు ఒక్కసారిగా కనబడవు. ధర్మం జన్మతో రాదు. అధర్మం కూడా జన్మతో రాదు. రెండూ సంకల్పంతోనే వస్తాయి.

పోస్తకాయల కషాయం

1661 జనవరిలో సులేమానును సంకెళ్ళతో ఔరంగజేబు సభలో నిలబెట్టారు. ఆనాటి సభలో ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ ఆ దృశ్యాన్ని వర్ణించాడు. సుందరుడు, యువకుడు అయిన ఆ రాజకుమారుని చూచి సభాసదులు కంటతడి పెట్టారని అతడు వ్రాశాడు. సులేమాను పినతండ్రిని ప్రాణభిక్ష అడుగలేదు. తనకు పోస్తకాయల కషాయమే ఇవ్వదలచితే దానికి బదులు తక్షణమే వధించమని వేడుకున్నాడు. ఆ కషాయం ఇవ్వబోమని ఔరంగజేబు మాట ఇచ్చాడు. పిమ్మట సులేమానును గ్వాలియరు పంపారు. అక్కడ అదే కషాయాన్ని ఇచ్చారు. 1662 మే నెలలో, ఇరువది ఏడేండ్ల ప్రాయంలో, అతడు ఆ కొండపైన మరణించాడు.

ఆ కషాయమేమిటో బెర్నియరే వివరించాడు. గసగసాల కాయలను నలుగగొట్టి రాత్రంతా నీటిలో నానబెడతారు. ఆ నీటిని పెద్ద పాత్రలో పోసి తెల్లవారగానే బందీ ముందు ఉంచుతారు. అది త్రాగేవరకు అన్నం పెట్టరు. దినదినం ఆ నీరు త్రాగినవాడు క్రమక్రమంగా క్షీణించి, బలాన్ని, తరువాత బుద్ధిని కోల్పోయి, జడుడై మరణిస్తాడు. రక్తం చిందదు, గాయం కనబడదు. రాజవంశపు నెత్తురు నేల మీద పడలేదని చెప్పుకొనుటకు వీలుంటుంది.

దారా అనువదించిన ఉపనిషత్తులలో ఛాందోగ్యం ఒకటి. అందులో ఉద్దాలక మహర్షి తన కుమారుడైన శ్వేతకేతువుకు మనస్సు స్వరూపాన్ని బోధించే ఘట్టం ఉన్నది. పదిహేను దినాలు అన్నం మాని నీరు మాత్రమే త్రాగుమని తండ్రి ఆదేశించాడు. అట్లు చేసిన కుమారునికి తాను నేర్చిన వేదాలు స్మృతిలో లేకుండా పోయాయి. అన్నం భుజించిన తరువాత అవి తిరిగి స్ఫురించాయి. ఆ విధంగా మనస్సు అన్నమయమని కుమారుడు స్వానుభవంతో గ్రహించాడు. అక్కడ తండ్రి అన్నాన్ని ఆపినది జ్ఞానం కొరకు. ఆ ఆపివేతకు పదిహేను దినాల అవధి ఉన్నది, ఆ తరువాత మహోపదేశం ఉన్నది. గోపాద్రిపైన పినతండ్రి అన్నాన్ని ఆపినది అజ్ఞానం కొరకు. దానికి అవధి మరణమే. ఏ విద్యను తండ్రి లోకానికి అందించాడో ఆ విద్యలోని సత్యమే కుమారునిపై ఆయుధమైనది.

ఆత్మ నిత్యశుద్ధమని, సాక్షికి ఏ కషాయమూ అంటదని శాస్త్రం చెబుతుంది. అది నిజం. కాని ఆ సత్యాన్ని తెలుసుకొనే పరికరం బుద్ధి. కఠోపనిషత్తు దేహాన్ని రథంగా, బుద్ధిని సారథిగా నిరూపించినది. రథాన్ని విరిచినవాడు ఒక యాత్రను మాత్రమే ఆపుతాడు. సారథిని మత్తులో ముంచి రథాన్ని నడిపించేవాడు యాత్రికుని గమ్యాన్నే హరిస్తాడు. ప్రాణం తీయడం కంటె వివేకాన్ని తీయడం ఘోరమైన పాతకమనుటకు కారణం ఇదే. సులేమాను మరణాన్ని కోరి ఆ కషాయాన్ని నిరాకరించుటలోని అంతరార్థం కూడా ఇదే. అతనికి వేదాంత పరిచయం ఎంత ఉన్నా, ఏది పోతే మనిషి మనిషిగా మిగలడో అతడు ఎరుగును.

తక్కిన బందీలు

సులేమాను ఒక్కడే కాదు. ఔరంగజేబు తమ్ముడు మురాద్ బక్ష్ సింహాసన యుద్ధంలో అన్నకు కుడిభుజంగా నిలిచి, విజయం లభించిన నెల తిరుగకముందే, 1658 జూన్‌లో మథురలో విందు అనంతరం నిద్రిస్తుండగా బంధింపబడ్డాడు. అతనినీ గ్వాలియరుకే చేర్చారు. రాత్రివేళ త్రాళ్ళ నిచ్చెనతో తప్పించుటకు అనుచరులు ఏర్పాటు చేశారని, వీడ్కోలు చెప్పుటకు పోగా ప్రియురాలు సరస్వతీబాయి ఏడ్చిన ఏడ్పుకు కావలివారు మేల్కొన్నారని ఒక కథనం. పూర్వం గుజరాతులో తాను చంపిన అలీ నఖీ అనే అధికారి కుమారుడు న్యాయం కోరగా, ఆ నెపంతో 1661 డిసెంబరు 4న మురాద్‌కు మరణదండన అమలు చేశారు. శిక్ష అన్యాయమైనదే, కాని నేరం కల్పితం కాదు. కర్మ తన ఫలాన్ని ఇచ్చుటకు ఎవరి చేతిని వాడుకొంటుందో చెప్పుట కష్టం.

తెలుగువారు ఎరుగవలసిన బందీ మరొకడున్నాడు. 1656 జనవరిలో భాగ్యనగరంపై దండెత్తి, నగరాన్ని కొల్లగొట్టిన సేనకు నాయకుడు ఔరంగజేబు పెద్ద కుమారుడు మహమ్మద్ సుల్తాన్. గోలకొండ ప్రభువు అబ్దుల్లా కుతుబ్ షా సంధి చేసుకొని తన కుమార్తెను అతనికి ఇచ్చి వివాహం చేశాడు. మూడేండ్లు గడిచిన తరువాత, సింహాసన యుద్ధంలో ఆ యువకుడు తన పెదతండ్రి షుజా పక్షానికి పోయి, మనసు మార్చుకొని తిరిగి వచ్చాడు. తండ్రి క్షమించలేదు. 1661 నుండి 1672 వరకు అతడు గ్వాలియరులో గడిపి, ఢిల్లీలోని సలీంగఢ్ చెరకు మార్చబడి, 1676లో మరణించాడు. ఒక రాజధానిని కంపింపజేసినవాడు తన తండ్రి కోటలో పదకొండేండ్లు గోడలను చూస్తూ కూర్చున్నాడు.

దారా చిన్న కుమారుడు సిపిహ్ర్ షుకోహ్ కూడా ఇక్కడ బందీయే. అతనిని 1673లో విడిపించి ఔరంగజేబు తన కుమార్తెనిచ్చి వివాహం చేశాడు. తండ్రిని చంపినవాడే మామ అయ్యాడు. సంసారం అనే పదానికి వ్యాఖ్యానం కావలెనన్నవారు ఈ ఒక్క వంశవృక్షాన్ని చదివితే చాలును.

ఒంటరిగా రానన్న బందీ

ఈ రాజకుమారుల కంటె ముందు, జహంగీరు కాలంలో, ఇదే కోటలో ఒక మహనీయుడు బందీగా ఉన్నాడు. సిక్కుల ఆరవ గురువు హరగోబింద్. ఆయన తండ్రి గురు అర్జన్ 1606లో జహంగీరు ఆగ్రహానికి గురియై లాహోరులో చిత్రహింసలు అనుభవించి దేహత్యాగం చేశాడు. పిన్నవయసులో గురుపీఠం అధిష్ఠించిన హరగోబింద్‌ను కూడా చక్రవర్తి గ్వాలియరు చెరకు పంపాడు. ఆ సమయంలో కోటలో 52 మంది రాజులు బందీలుగా ఉన్నారని సిక్కు సంప్రదాయం చెబుతుంది.

కొంతకాలానికి గురువు విడుదలకు ఆజ్ఞ వచ్చినది. తక్కిన బందీలను వదలి తాను బయటకు రానని ఆయన నిరాకరించాడు. గురువు వస్త్రాన్ని పట్టుకొని ఎందరు బయటకు రాగలిగితే అందరు విముక్తులని చక్రవర్తి షరతు పెట్టాడు. కోట మార్గం ఇరుకైనది గనుక నలుగురైదుగురు మించరని అతని లెక్క. గురువు 52 అంచులు వ్రేలాడే నిలువుటంగీని కుట్టించుకొని ధరించాడు. ఒక్కొక్క అంచును ఒక్కొక్క రాజు పట్టుకొని 52 మంది వెలుతురులోకి నడిచారు. దీపావళి వేళ సిక్కులు బందీ ఛోడ్ దివస్‌గా స్మరించేది ఈ విముక్తినే. దాతా బందీ ఛోడ్ గురుద్వారం నేడు ఆ కొండపైననే ఉన్నది.

ఛాందోగ్యంలోనే మరొక దృష్టాంతం ఉన్నది. కళ్ళకు గంతలు కట్టి గాంధారదేశం నుండి తెచ్చి అరణ్యంలో విడువబడిన ఒక పురుషుడు దిక్కు తెలియక ఆక్రోశిస్తుంటే, కరుణాళువైన వేరొకడు వచ్చి ఆ గంతలు విప్పి దారి చూపుతాడు. గురువు గలవాడు గమ్యం చేరే తీరు అటువంటిదని ఉపనిషత్తు బోధిస్తుంది. ఆ కోట కళ్ళకు గంతలు కట్టుటలో ఆరితేరినది. అక్కడ గంతలు విప్పినవాడు సైన్యంతో రాలేదు, తానూ బందీయై ఉండి విప్పాడు. తిరుక్కోష్టియూరు గోపురమెక్కి, తనకు నరకం ప్రాప్తించినా సరే అందరికీ మోక్షం కలుగవలెనని రహస్యమంత్రాన్ని లోకానికి వినిపించిన భగవద్రామానుజుల కరుణను ఎరిగినవారికి ఈ అంగీ అంచుల అర్థం వేరుగా చెప్పనవసరం లేదు.

శేషించినది

ఔరంగజేబు అనంతరం మొగలు సామ్రాజ్యం శిథిలమైనది. గోపాద్రి జాట్ల చేతికి, మరాఠాల చేతికి పోయినది. 1780లో మేజర్ పోఫమ్ అనే ఆంగ్లేయ సేనాని సైనికులు రాత్రివేళ నిచ్చెనలు వేసుకొని గోడలెక్కి అజేయమనుకున్న దుర్గాన్ని జయించారు. 1858లో ఝాన్సీ రాణి లక్ష్మీబాయి ఈ కోట చెంతనే వీరమరణం పొందినది. పిమ్మట కోట సింధియాల పాలయినది. తమదని చెప్పుకున్న ఏ వంశానికీ ఆ కొండ చివరివరకు దక్కలేదు.

దక్కినవి వేరే ఉన్నాయి. మానసింహుడు పెంచిన ధ్రుపదం ఇంకా వినబడుతున్నది. కొండ దిగువన తాన్‌సేన్ సమాధి వద్ద గాయకులు ఏటేటా ప్రణమిల్లి పాడుతున్నారు. 1897లో స్థాపింపబడిన సింధియా పాఠశాల కోటపైన నడుస్తున్నది. బుద్ధిని హరించిన స్థలంలో బాలురు బుద్ధిని పెంచుకుంటున్నారు. దారా అనువాదం ఖండాలు దాటినది. చతుర్భుజ మందిరపు గోడ మీది సున్నాలు చెరగలేదు. కోట గోడలు కాపాడదలచినది రాజ్యం. అది పోయినది. గోడలు పట్టించుకోని నాదం, విద్య, కరుణ, ఒక పూలతోట లెక్క నిలిచాయి.

పోస్తకాయల కషాయం ఆ కోటతో అంతరించలేదు. వివేకాన్ని క్రమక్రమంగా హరించి, అన్నం కొరకు అలవాటుగా త్రాగించే పాత్ర ప్రతి యుగంలో ఏదో ఒక రూపంలో ప్రతి మనిషి ముందుకు ఉదయాన్నే వస్తూనే ఉంటుంది. ఒకరికి అది అధికారం, ఒకరికి ద్వేషం, ఒకరికి పూర్వుల పగ. సులేమాను సంకెళ్ళలో ఉండి కూడా దానిని గుర్తించి వద్దన్నాడు. ఔరంగజేబు సింహాసనంపై ఉండి దానిని గుర్తించలేదు. గోపాద్రి చరిత్రలో బందీ ఎవరు, ప్రభువు ఎవరు అనే ప్రశ్నకు సమాధానం అక్కడే ఉన్నది. సాధకుడు చేయవలసినది తన ముందున్న పాత్రలో ఏమున్నదో చూడటం, తన చేతికి అందిన అంచును విడువకపోవడం, వీలైతే తన వస్త్రానికి మరికొన్ని అంచులు కుట్టుకోవడం.

స్వస్తి.